చిన్న వర్క్‌ప్లేస్ పెన్షన్ పాట్: రిటైరయ్యాక డబ్బు ఎలా తీసుకోవాలి (బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు)

"అన్నా, నా పెన్షన్‌లో ఆరేడు వేల పౌండ్లున్నాయి. మొత్తం ఒకేసారి లాగేసుకోవచ్చా?"

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లలో యాభై దాటిన ప్రతి ఇద్దరిలో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. ఉగాది ఫంక్షన్‌లో పులిహోర ప్లేటు చేతిలో ఉండగానే అడుగుతారు. నేను ఫైనాన్షియల్ అడ్వైజర్‌ని కాదు, పేరోల్‌లో పనిచేసేవాణ్ణి. అందుకే ఏ ఫండ్ మంచిదో చెప్పను. డబ్బు ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి, ట్యాక్స్ ఎక్కడ కొరుకుతుంది, వచ్చాక ఎలా సరిచూసుకోవాలి, అంతవరకే చెప్తాను.

ఒకేసారి తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. కానీ మార్చిలో తీసుకుంటారా ఏప్రిల్‌లో తీసుకుంటారా అన్నదానిమీద వందల పౌండ్ల తేడా వస్తుంది. అదెలాగో 5వ మెట్టులో చూద్దాం.

ఇది ఎవరికి

కంపెనీ, గిడ్డంగి, కేర్ హోమ్, సూపర్‌మార్కెట్ లాంటి చోట పనిచేసినప్పుడు మీ జీతంలోంచి కొంత, యజమాని కొంత వేసి కూడబెట్టిన పెన్షన్ (ఆ నిధినే "పాట్" అంటారు) ఉన్నవాళ్లకు. అకౌంట్‌లో "మీ పాట్ విలువ ఇంత" అని ఒక అంకె కనిపిస్తే అది ఈ రకమే. ఎన్‌హెచ్‌ఎస్, కౌన్సిల్, టీచర్ల పెన్షన్లు వేరు. వాటిలో పాట్ ఉండదు, "ఏడాదికి ఇంత ఇస్తాం" అన్న హామీ ఉంటుంది. అలాంటివి చిన్నవైతే ఏకమొత్తంగా మార్చుకునే దారి వేరే ఉంది (మీ పెన్షన్లన్నీ కలిపి 30,000 పౌండ్లు దాటకూడదు). ఇక్కడ రాసేది వాటికి వర్తించదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్
- ప్రతి పాట్‌కూ తాజా స్టేట్‌మెంట్ లేదా ఆన్‌లైన్ లాగిన్
- పాస్‌పోర్ట్, మీ పేరు మీదే ఉన్న బ్రిటన్ బ్యాంకు ఖాతా
- చివరి ఉద్యోగం పీ45 (మానేసినప్పుడు యజమాని ఇచ్చే జీతం, ట్యాక్స్ కాగితం), చివరి పేస్లిప్
- హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) ఆన్‌లైన్ ట్యాక్స్ ఖాతా. లేకపోతే ఇప్పుడే తెరవండి, తర్వాత దీనితో చాలా పని ఉంటుంది.

1. ముందు పాట్‌లన్నీ ఒకచోటికి చేర్చండి

2012 అక్టోబర్ నుంచి ఇక్కడ యజమానులు ఉద్యోగులను పెన్షన్‌లో ఆటోమేటిక్‌గా చేర్చడం మొదలైంది. ఏడాదికి 10,000 పౌండ్లు దాటి సంపాదిస్తే, 22 ఏళ్లు నిండితే, మీరు అడగకపోయినా చేర్చేశారు. కాబట్టి నాలుగు చోట్ల పనిచేస్తే నాలుగు పాట్‌లు ఉండొచ్చు. "నాకు ఒక్కటే ఉంది" అన్నవాళ్లలో చాలామందికి వెతికితే రెండోది దొరికింది.

పాత పేస్లిప్‌లలో పెన్షన్ కోత ఉందేమో చూడండి. కంపెనీ పేరు గుర్తుండి ప్రొవైడర్ (పెన్షన్ నడిపే సంస్థ) ఎవరో తెలియకపోతే ప్రభుత్వ పెన్షన్ ట్రేసింగ్ సర్వీస్‌లో ఉచితంగా వెతకొచ్చు. అది ఎవరిని సంప్రదించాలో మాత్రమే చెప్తుంది. మీ డబ్బు అక్కడ ఉందా లేదా అన్నది ఆ ప్రొవైడర్‌కే రాసి కనుక్కోవాలి. ఇదే పనికి ఫీజు అడిగే వెబ్‌సైట్లూ ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. ఇంటిపేరు ముందు రాస్తాం, వీళ్లు దాన్నే మీ మొదటి పేరు అనుకుంటారు. ఒక ఉద్యోగంలో ఇంటిపేరు ముందు, ఇంకో దానిలో వెనక, మూడో దానిలో ఒట్టి ఇనీషియల్. వెతికినప్పుడు "రికార్డు లేదు" అంటే నిరాశపడకుండా పేరు తిరగేసి, పాత అడ్రస్ ఇచ్చి మళ్లీ అడగండి. పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుకూ పెన్షన్ రికార్డుకూ తేడా ఉంటే క్లెయిమ్ వేయకముందే సరిచేయించండి. క్లెయిమ్ మధ్యలో బయటపడితే వారాలు పడుతుంది.

2. ప్రతి పాట్ గురించి మూడు విషయాలు కనుక్కోండి

ఫోన్ చేసి ఇవే అడగండి:

- ఈ రోజు విలువ ఎంత? మా యజమాని చివరి చెల్లింపు అందులో పడిందా?
- ఇది ట్రస్ట్ నడిపే స్కీమా, పర్సనల్ పెన్షనా?
- హామీ ఇచ్చిన ఆన్యుటీ (పాట్ ఇచ్చేస్తే బతికినంత కాలం వచ్చే ఆదాయం) రేటు లాంటి ప్రత్యేక హక్కు ఏమైనా ఉందా?

రెండో ప్రశ్న ఎందుకంటే "స్మాల్ పాట్" నిబంధన కింద 10,000 పౌండ్లు లేదా అంతకంటే తక్కువ ఉన్న పర్సనల్ పెన్షన్లను జీవితంలో మూడింటిని మాత్రమే తీసుకోగలరు. ట్రస్ట్ నడిపే కంపెనీ స్కీమ్‌లకు ఆ మూడు పరిమితి లేదు. యజమాని పెట్టించినంత మాత్రాన అది ట్రస్ట్ స్కీమ్ అని అనుకోకండి, కొన్ని కంపెనీలు ఉద్యోగులకు గ్రూప్ పర్సనల్ పెన్షన్ పెడతాయి.

మూడో ప్రశ్న పాత పాలసీలు ఉన్నవాళ్లకు. 1980లు, 90లలో మొదలైన కొన్ని పాలసీల్లో హామీ రేటు ఇప్పటి మార్కెట్ కంటే బాగుండొచ్చు. దాన్ని ఒకేసారి నగదు చేసుకుంటే ఆ హక్కు పోతుంది, తిరిగి రాదు.

3. వయసు సరిపోయిందా?

ఇప్పుడు 55 నిండితే పాట్ ముట్టుకోవచ్చు. 2028 ఏప్రిల్ 6 నుంచి అది 57 అవుతుంది. 1973 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 57 అనే లెక్క వేసుకోండి.

"వీసా అయిపోయి ఇండియా వెళ్లిపోతున్నాను, ఇప్పుడే తీసుకోవచ్చా?" కుదరదు. దేశం వదిలినా ఆ వయసు వచ్చేదాకా డబ్బు అక్కడే ఉంటుంది. "ఇండియా పీఎఫ్‌లో కలిపేయొచ్చా?" ఆ ఆలోచన మానేయండి. గుర్తింపు లేని విదేశీ స్కీమ్‌కు మారిస్తే భారీ ట్యాక్స్ పడుతుంది. తీవ్రమైన అనారోగ్యం ఉంటే మాత్రం ముందుగా ఇచ్చే నిబంధనలున్నాయి, ప్రొవైడర్‌నే అడగండి.

"55 రాకముందే తీసిపెడతాం, కమీషన్ ఇస్తే చాలు" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. అలా తీస్తే 55 శాతం దాకా ట్యాక్స్ పడొచ్చు. అది కట్టాల్సింది మీరే, వాళ్లు కాదు. అసలు పెన్షన్ల గురించి పరిచయం లేనివాళ్లు ఫోన్ చేసి అమ్మడాన్ని 2019 జనవరిలోనే నిషేధించారు. ఫోన్ వచ్చిందంటే అది మోసమని లెక్క.

4. దారి ఎంచుకోండి

చిన్న పాట్‌కు నిజంగా పనికొచ్చే దారులు ఇవి.

*స్మాల్ పాట్‌గా మొత్తం తీసుకోవడం.* పాట్ 10,000 లేదా తక్కువైతే. పావు వంతుకు ట్యాక్స్ లేదు, మిగతా ముప్పావు ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. చాలామందికి ఇదే సరిపోతుంది.

*మామూలు నగదుగా తీసుకోవడం, మొత్తం లేదా విడతలుగా.* ట్యాక్స్ లెక్క పైకి అదే. కానీ దీనికి ఎమర్జెన్సీ ట్యాక్స్ కోడ్ (మీ అసలు ఆదాయం తెలియక వేసే తాత్కాలిక లెక్క) పడుతుంది. పైగా మీరు ఇంకా ఎక్కడైనా పనిచేస్తూ పెన్షన్‌లో వేస్తుంటే, ఇకపై ట్యాక్స్ రాయితీతో ఏడాదికి 10,000 పౌండ్లకు మించి వేయడం కుదరదు. స్మాల్ పాట్‌గా తీసుకుంటే ఈ ఆంక్ష పడదు. ఒకే డబ్బు, రెండు పేర్లు, రెండు రకాల పర్యవసానాలు.

*ఆన్యుటీ.* పాట్ ఇచ్చేసి బతికినంత కాలం నెలనెలా కొంత తీసుకోవడం. చాలా కంపెనీలు మరీ చిన్న మొత్తాలకు ఇవ్వవు. అయితే మనలో షుగర్, బీపీ లేనివాళ్లు తక్కువ. ఆరోగ్య వివరాలన్నీ చెప్తే రేటు పెరుగుతుంది. అడగకుండా మొదటి కోట్‌కే సంతకం పెట్టకండి.

*చిన్నవన్నీ ఒకదాంట్లో కలపడం.* మూడేసి వేల పాట్‌లు నాలుగు ఉంటే కలపబుద్ధేస్తుంది. జాగ్రత్త. కలిపితే మొత్తం 10,000 దాటి స్మాల్ పాట్ దారి మూసుకుపోవచ్చు. విడివిడిగా ఉంచడమే లాభం అయ్యే సందర్భాలున్నాయి.

*అసలు ముట్టుకోకపోవడం.* ఇదీ ఒక దారే. ఆటోమేటిక్‌గా చేర్చిన స్కీమ్‌ల డిఫాల్ట్ ఫండ్లలో (మీరు ఏదీ ఎంచుకోకపోతే డబ్బు పెట్టేవి) ఛార్జీ ఏడాదికి 0.75 శాతం మించకూడదు. అవసరం లేకపోతే ఉంచేయండి. నామినీ ఫారం మాత్రం నింపండి, 2009లో రాసిన నామినీ ఇప్పటికీ సరైనదేనా చూడండి.

5. ఏ ట్యాక్స్ ఇయర్‌లో తీసుకోవాలి? (ఇక్కడ ఆగి చదవండి)

ఇక్కడ ట్యాక్స్ ఇయర్ ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5న ముగుస్తుంది.

మా పక్క వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. 63 ఏళ్లు నిండాక గిడ్డంగి ఉద్యోగం మార్చి మొదటి వారంలో మానేశారు. ఆ ఏడాది జీతం దాదాపు 24,000. పాట్‌లో 6,400 ఉంది. ఉద్యోగం మానేసిన ఉత్సాహంలో అదే నెల "మొత్తం నగదు" మీద టిక్ పెట్టేశారు. 1,600 ట్యాక్స్ లేకుండా, మిగతా 4,800 మీద ఎమర్జెన్సీ కోడ్‌తో 872 కోసి పంపారు. "ఎక్కువ కోశారు, రీఫండ్ ఇప్పించు" అని కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. కూర్చుని లెక్కేశాను. జీతమే పర్సనల్ అలవెన్స్ (ఏడాదిలో ట్యాక్స్ పడని ఆదాయం) మొత్తం తినేసింది. కాబట్టి 4,800 మీద 20 శాతం, అంటే 960 కట్టాల్సిందే. రీఫండ్ కాదు, ఇంకా 88 బాకీ. తర్వాత హెచ్‌ఎంఆర్‌సీ నుంచి ఉత్తరం కూడా అలాగే వచ్చింది.

ఇంకో మూడు నాలుగు వారాలు ఆగి ఏప్రిల్ 6 తర్వాత తీసుకుని ఉంటే? ఆ కొత్త ఏడాదిలో ఆయనకు వేరే ఆదాయం లేదు. స్టేట్ పెన్షన్ (ప్రభుత్వం ఇచ్చేది) రావడానికి ఇంకా ఏళ్లున్నాయి. అలవెన్స్ 12,570 మొత్తం ఖాళీ. కోసినదంతా తిరిగొచ్చేది. 960 పౌండ్లు, ఒక్క క్యాలెండర్ పేజీ తేడా.

ఆయన మొహం చూశాకే ఇది రాయాలనిపించింది.

కాబట్టి మీ లెక్క ఇలా వేసుకోండి:

- ఈ ట్యాక్స్ ఇయర్‌లో వచ్చే జీతం, స్టేట్ పెన్షన్, అద్దె, ఇతర పెన్షన్లు అన్నీ కూడండి.
- 12,570 నుంచి తీసేయండి. మిగిలింది మీ ఖాళీ.
- పాట్‌లో ముప్పావు వంతు ఆ ఖాళీలో పడితే ట్యాక్స్ సున్నా. పైన ఉన్నదానికి 20 శాతం. (స్కాట్లాండ్ రేట్లు వేరు, అక్కడివాళ్లు లెక్క మార్చుకోండి.)

ఏ ఆదాయమూ లేని ఏడాదిలో అన్ని పాట్‌లూ కలిపి 16,760 పౌండ్ల దాకా ట్యాక్స్ లేకుండా తీసుకోవచ్చు. ఎందుకంటే దాంట్లో ముప్పావు వంతు సరిగ్గా 12,570.

స్టేట్ పెన్షన్ మొదలయ్యాక ఈ వెసులుబాటు పోతుంది. 2026-27లో పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ వారానికి 241.30 పౌండ్లు, ఏడాదికి సుమారు 12,548. అలవెన్స్‌లో మిగిలేది 22 పౌండ్లు! అందుకే ఉద్యోగం మానేసిన రోజుకూ స్టేట్ పెన్షన్ మొదలయ్యే రోజుకూ (66 ఏళ్లు, 2026 నుంచి 2028 మధ్య మెల్లగా 67కు పెరుగుతోంది) నడుమ ఉన్న ఖాళీ ఏళ్లే చిన్న పాట్‌లు తీసుకోవడానికి మంచి కాలం. రెండు మూడు పాట్‌లుంటే ఏడాదికొకటి చొప్పున తీయండి.

6. పెన్షన్ వైజ్‌తో ఒకసారి మాట్లాడండి

50 దాటినవాళ్లకు ప్రభుత్వం తరఫున ఉచిత సేవ ఇది. ఫోన్‌లో దాదాపు గంట మాట్లాడతారు. ఏ ఫండ్ కొనాలో చెప్పరు, దారులన్నీ విడమరిచి చెప్తారు. క్లెయిమ్ ఫారంలో "పెన్షన్ వైజ్‌తో మాట్లాడారా?" అని ఎలాగూ అడుగుతారు. మనవాళ్లు చాలామంది "అవసరం లేదు" అని టిక్ పెట్టేస్తారు. ఊరికే వచ్చే గంటను వదులుకోవడం ఎందుకు?

యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ సాయం) తీసుకుంటున్నవాళ్లు దీన్ని అస్సలు వదలొద్దు. పాట్ డబ్బు బ్యాంకులో పడి పొదుపు 6,000 దాటితే బెనిఫిట్ తగ్గుతుంది, 16,000 దాటితే ఆగిపోతుంది. పెన్షన్ క్రెడిట్‌లో (స్టేట్ పెన్షన్ వయసు దాటిన తక్కువ ఆదాయం వాళ్లకు ఇచ్చే సాయం) పొదుపు 10,000 దాటిన దగ్గర్నుంచి కోత మొదలవుతుంది. అందుకని వచ్చిన డబ్బు పిల్లలకు పంపేస్తే సరిపోతుందిలే అనుకోకండి. బెనిఫిట్ కోసమే వదిలించుకున్నారని తేలితే ఆ డబ్బు మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు.

7. ఫారం నింపండి

ఫోన్‌లోనైనా ఉత్తరంలోనైనా "స్మాల్ పాట్ లంప్ సమ్ కింద ఇవ్వండి" అని ఆ మాటే వాడండి. "మొత్తం క్యాష్ కావాలి" అంటే వాళ్లు మామూలు నగదు దారిలో పెట్టేయొచ్చు. మీ ప్రొవైడర్ స్మాల్ పాట్ దారి ఇస్తుందా అని ముందే అడగండి.

సబ్మిట్ చేసే ముందు:

- యజమాని చివరి చెల్లింపు పడేదాకా ఆగండి. తొందరపడితే పాట్ ఖాళీ అయ్యాక 43 పౌండ్లో 60 పౌండ్లో వచ్చి చేరతాయి. ఆ చిల్లర కోసం మళ్లీ మొదట్నుంచి ఫారాలు నింపాలి. పైగా స్మాల్ పాట్‌కు ఆ స్కీమ్‌లో మీకు ఏమీ మిగలకూడదు.
- విలువ 9,900 దగ్గర ఉంటే జాగ్రత్త. డబ్బు ఇచ్చే రోజు విలువే లెక్క. మార్కెట్ పెరిగి 10,000 దాటితే దారి మారిపోతుంది.
- బ్యాంకు ఖాతా మీ ఒక్కరి పేరు మీదే ఇవ్వండి, పిల్లల ఖాతా కుదరదు. ఇండియా వెళ్లిపోయేవాళ్లు ఇక్కడి ఖాతాను డబ్బు, రీఫండ్ రెండూ వచ్చేదాకా మూసేయకండి.

8. డబ్బు వచ్చాక సరిచూడండి

ఖాతాలో పడిన అంకె చూసి మెసేజ్ మూసేయకండి. ప్రొవైడర్ పంపిన స్టేట్‌మెంట్ తెరిచి మూడు అంకెలు చూడండి: ట్యాక్స్ లేని పావు వంతు, ట్యాక్స్ పడే ముప్పావు, కోసిన ట్యాక్స్. పక్కన ట్యాక్స్ కోడ్ ఉంటుంది.

కోడ్ "బీఆర్" అయితే ముప్పావు మొత్తానికి సరిగ్గా 20 శాతం కోసి ఉండాలి. 6,400 పాట్‌కు అది 960. కోడ్ చివర "ఎం1" ఉంటే ఎమర్జెన్సీ కోడ్. అంటే వాళ్ల కంప్యూటర్ మీకు ప్రతి నెలా ఇంతే వస్తుందనుకుని, అలవెన్స్‌లో పన్నెండో వంతే ఇచ్చి మిగతాదానికి 20, 40 శాతం వేసింది.

తర్వాత 5వ మెట్టులో వేసిన మీ సొంత లెక్కతో పోల్చండి. ఎక్కువ కోసి ఉంటే ఏడాది ఆఖరుదాకా ఆగాల్సిన పనిలేదు, హెచ్‌ఎంఆర్‌సీకి ఫారం పంపొచ్చు. ఏ ఫారమో తికమకపడకుండా ఇలా గుర్తుపెట్టుకోండి:

- స్మాల్ పాట్‌గా తీసుకుంటే: పీ53
- మామూలు నగదుగా పాట్ మొత్తం ఖాళీ చేసి, ఆ ఏడాది ఇతర ఆదాయం ఉంటే: పీ53జెడ్
- అలాగే ఖాళీ చేసి, వేరే ఆదాయం ఏమీ లేకపోతే: పీ50జెడ్
- కొంతే తీసుకుని మళ్లీ ఈ ఏడాది తీసే ఉద్దేశం లేకపోతే: పీ55

తప్పు ఫారం పంపితే వెనక్కి వస్తుంది, ఆలస్యం అవుతుంది. ఇతర ఆదాయం గడిలో వచ్చే ఏప్రిల్ 5 దాకా రాబోయేదంతా రాయండి, ఇప్పటిదాకా వచ్చింది మాత్రమే కాదు. ఫారం పంపడం మర్చిపోతే? ట్యాక్స్ ఇయర్ ముగిశాక హెచ్‌ఎంఆర్‌సీ తానే లెక్కచూసి పీ800 అనే ఉత్తరం పంపుతుంది. అది రాకపోయినా నాలుగేళ్ల దాకా వెనక్కి అడిగే హక్కు మీకుంది.

9. ఇండియా వెళ్లి స్థిరపడేవాళ్లకు

ఇక్కడ పావు వంతు ట్యాక్స్ ఫ్రీ అన్నది బ్రిటన్ చట్టం. ఇండియాలో రెసిడెంట్ అయ్యాక తీసుకుంటే అక్కడి ఇన్‌కమ్ ట్యాక్స్ ఆ మినహాయింపును అలాగే ఒప్పుకుంటుందని అనుకోకండి. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది, కానీ ఏకమొత్తం విషయంలో దాన్ని సొంతంగా చదివి నిర్ణయించుకోవద్దు. రెండు దేశాల లెక్కలూ తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌ను విమానం ఎక్కకముందే అడగండి. వయసు నిండిన చిన్న పాట్‌లను చాలామంది ఇక్కడున్నప్పుడే, ఆదాయం లేని ట్యాక్స్ ఇయర్‌లో తీసేసుకుని వెళ్తారు. నాకు తెలిసినంతలో అదే తేలికైన పద్ధతి.

వెళ్లేముందు ప్రొవైడర్‌కూ హెచ్‌ఎంఆర్‌సీకీ కొత్త అడ్రస్, ఇండియా ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్లండి. లాగిన్‌కు వచ్చే కోడ్ ఇక్కడి సిమ్‌కే వస్తుంటే ఆ సిమ్‌ను రీఫండ్ చేతికందేదాకా బతికించుకోండి. దాన్ని ముందే ఆపేసి, రీఫండ్ ఏమైందో చూసుకోలేక విజయవాడ నుంచి అర్ధరాత్రి నాకు ఫోన్ చేసినవాళ్లు ఇప్పటికి ముగ్గురు.